ప్రజాభిప్రాయ సేకరణా? సర్వేనా?

ప్రశ్న: "బ్రిటన్ తదుపరి ప్రధానిపై ప్రజాభిప్రాయ సేకరణ" అని పేపర్లో హెడ్డింగ్ చూశాను. అక్కడ జనమే ఓట్లేసి ప్రధానిని ఎన్నుకుంటున్నారేమో అనుకుని, బర్మింగ్‌హామ్‌లో చదువుతున్న మా అబ్బాయికి ఫోన్ చేసి "నువ్వూ ఓటేశావా?" అని అడిగాను. "ఓటింగ్ ఏమీ లేదమ్మా, అది సర్వే" అన్నాడు. ప్రజాభిప్రాయ సేకరణ అంటే సర్వేనేనా? అదే వార్తలో ఒకచోట 'ప్రధాని ఎవరు కావాలి', ఇంకోచోట 'కాబోయే ప్రధాని' అని రాశారు. రెండూ ఒకటేనా?
– ఒక పాఠకురాలు, హనుమకొండ

జవాబు: అమ్మా, మీరు పొరబడలేదు. ఆ హెడ్డింగ్ చదివితే ఎవరికైనా అలాగే తోస్తుంది. మీ అబ్బాయిని అడగడంలోనూ తప్పు లేదు. కామన్వెల్త్ దేశాల పౌరులు బ్రిటన్‌లో చట్టబద్ధంగా నివసిస్తూ, 18 ఏళ్లు నిండి ఓటరు జాబితాలో పేరు నమోదు చేసుకుంటే అక్కడి పార్లమెంటు ఎన్నికల్లో ఓటేయవచ్చు. మన విద్యార్థులకూ ఆ హక్కు ఉంది. చిక్కంతా మాటలో ఉంది. 'ప్రజాభిప్రాయ సేకరణ' అనే ఒక్క మాటతో మనం మూడు పనులు చేయిస్తున్నాం.

మన ఊళ్లలో ఈ మాట ఎక్కువగా వినపడేది ఫ్యాక్టరీయో గనో వస్తోందన్నప్పుడు. 2006 నాటి పర్యావరణ నోటిఫికేషన్ ప్రకారం కాలుష్య నియంత్రణ మండలి సభ పెడుతుంది. కలెక్టరో అదనపు కలెక్టరో వచ్చి కూర్చుంటారు. షామియానా కింద ఒక రైతు మైకు అందుకుని "భూములు పోతే మేమెట్ల బతకాలె సార్?" అని అడుగుతాడు. ఆ మాటలన్నీ వీడియో తీస్తారు, రాసుకుంటారు. అక్కడ ఓట్లు ఉండవు, శాతాలు ఉండవు. మనుషులు వచ్చి నోరు విప్పి చెప్పిన అభిప్రాయాలను నిజంగానే సేకరిస్తారు. నా దృష్టిలో ఈ మాట అచ్చంగా అతికేది ఇక్కడే.

రెండోది రెఫరెండం. 2016 జూన్ 23న బ్రిటన్‌లో జరిగింది ఇదే. యూరోపియన్ యూనియన్‌లో ఉండాలా, బయటికి రావాలా అని బ్యాలెట్ మీద ఒకే ప్రశ్న, రెండు గడులు. 51.9 శాతం మంది బయటికి రావాలన్నారు. మన పేపర్లు దాన్నీ ప్రజాభిప్రాయ సేకరణ అనే రాశాయి. కానీ అది అభిప్రాయం అడిగి ఊరుకున్న వ్యవహారం కాదు. దేశమంతా పోలింగ్ కేంద్రాలకు వెళ్లి తీర్పు చెప్పింది. 'ప్రజాతీర్పు' అందామంటే ఆ మాటను మామూలు ఎన్నికల ఫలితాలకు వాడేసుకున్నాం. "ఈ ఉప ఎన్నిక మా పాలనకు రెఫరెండం" అని మన నాయకులు ఊరూరా అంటూనే ఉన్నారు, జనానికి అర్థమవుతూనే ఉంది. రెఫరెండం అనే రాస్తే సరిపోతుంది.

మూడోది మీరు చదివిన వార్తలోది, ఒపీనియన్ పోల్. ఒక సంస్థ వెయ్యి మందినో రెండు వేల మందినో ఎంచుకుని, ఫోన్‌లోనో ఆన్‌లైన్‌లోనో ప్రశ్నలు అడిగి, వయసు, ప్రాంతం వంటివి సరిచూసి లెక్క కడుతుంది. అన్నం ఉడికిందో లేదో తెలియడానికి ఒక్క మెతుకు పట్టి చూస్తాం కదా, అదే పని. దీన్ని 'అభిప్రాయ సర్వే' అనండి, 'ఒపీనియన్ పోల్' అన్నా ఇబ్బంది లేదు. ఉత్త 'సర్వే' అంటే ఒక్కోసారి చాలదు. పల్లెలో సర్వే అంటే గొలుసు పట్టుకుని పొలం కొలవడం. 2014 ఆగస్టు 19న తెలంగాణలో జరిగిన సమగ్ర కుటుంబ సర్వే అయితే ఇంటింటికీ వెళ్లింది, మెతుకు పట్టి చూసింది కాదు.

మెతుకు ఏ గిన్నెలోది అన్నదీ వార్తలో చెప్పాలి. 2022 వేసవిలో అప్పుడు అధికారంలో ఉన్న కన్జర్వేటివ్ పార్టీ నాయకత్వానికి, అంటే ప్రధాని పదవికి, లిజ్ ట్రస్, రిషి సునాక్ పోటీ పడ్డప్పుడు ఓటు ఆ పార్టీ సభ్యులకే ఉంది. ట్రస్‌కు 81,326 ఓట్లు, సునాక్‌కు 60,399 ఓట్లు వచ్చాయి. కోట్ల మంది ఉన్న దేశంలో ఓటేసింది లక్షన్నర మంది కూడా కాదు. కాబట్టి పార్టీ సభ్యులను అడిగిన సర్వేను 'బ్రిటన్ ప్రజల మాట' అని రాస్తే అబద్ధం రాసినట్టే. 'ఓట్లు', 'పట్టం కట్టారు' అన్న మాటలు కూడా సర్వే వార్తల్లోకి రాకూడదు. పట్టం అంటే రాజయ్యేవాడి నుదుట కట్టే బంగారు పట్టీ. సర్వేలో ఎవరూ ఎవరికీ ఏదీ కట్టరు. 'మొగ్గు చూపారు' అనే చక్కని మాట మనకు ఉండనే ఉంది.

ఇక మీ రెండో సందేహం. నాకు ఎక్కువ ఇష్టమైనది ఇదే. 'కావాలి' అనే మాటలో రెండు అర్థాలు ఉన్నాయి. "మా అమ్మాయి డాక్టర్ కావాలి" అంటే ఆమె డాక్టర్ అవ్వాలని. "మా ఊరికి డాక్టర్ కావాలి" అంటే మాకు డాక్టర్ అవసరమని. ఆ 'కి' చేరగానే అర్థం మారిపోయింది. అలాగే "ప్రధాని ఎవరు కావాలి?" అంటే ఎవరు అవ్వాలి అని, "మీకు ప్రధానిగా ఎవరు కావాలి?" అంటే మీరు ఎవరిని కోరుకుంటున్నారు అని. ఈ రెండూ దగ్గరివే. "ప్రధాని ఎవరవుతారు?" అన్నది మాత్రం పూర్తిగా వేరు. అది కోరిక కాదు, అంచనా. తనకు నచ్చని మనిషే గెలుస్తాడని చెప్పేవాళ్లు కూడా ఉంటారు. సర్వేలో అడిగింది ఏ ప్రశ్నో చూసుకోకుండా "తదుపరి ప్రధానిగా ఫలానా" అని క్రియ లేకుండా హెడ్డింగ్ పెడితే, పాఠకుడికి కోరిక ఏదో అంచనా ఏదో తెలియదు.

బ్రిటన్ సర్వేల్లో ఎక్కువగా కనపడే ప్రశ్న ఇంకొకటి ఉంది, ఇద్దరిలో ఎవరు ప్రధాని అయితే బాగుంటుంది అని. ఇది కూడా ఓటు కాదు. 1979 ఎన్నికలప్పుడు ఆ ప్రశ్నకు అప్పటి ప్రధాని జేమ్స్ కల్లహన్ ప్రతిపక్ష నాయకురాలు మార్గరెట్ థాచర్ కంటే ముందున్నారు. మే 3న జనం ఓటేసింది తమ నియోజకవర్గం అభ్యర్థికి, పార్టీని చూసి. థాచర్ ప్రధాని అయ్యారు. 'బాగుంటుంది' అన్న చెయ్యే ఓటు వేరేవాళ్లకు వేయగలదు.

అక్కడ ప్రధానిని ప్రజలు నేరుగా ఎన్నుకోరు కాబట్టి 'ప్రధానిగా ఎన్నికయ్యారు' అన్నదీ సరికాదు. పార్టీ నాయకుడిగా ఎన్నికవుతారు, ప్రధానిగా రాజో రాణో నియమిస్తారు. 2016 జులైలో పోటీలో మిగిలిన ఆండ్రియా లెడ్సమ్ తప్పుకోవడంతో థెరిసా మే విషయంలో పార్టీ సభ్యుల ఓటింగ్ దాకా కూడా పోలేదు. రెఫరెండం అయిన మూడు వారాలకు, జులై 13న, ఆమె ప్రధాని అయ్యారు.

'తదుపరి', 'తర్వాతి' రెండూ ఒకటే, ఏది రాసినా ఫరవాలేదు. 'కాబోయే' అలా కాదు. పెళ్లిచూపులకు వచ్చిన ప్రతి అబ్బాయినీ 'కాబోయే అల్లుడు' అనం కదా. తాంబూలాలు పుచ్చుకున్నాకే అంటాం. సర్వేలో ముందున్న మనిషి పెళ్లిచూపులకు వచ్చిన అబ్బాయిలాంటివాడే. 2022 సెప్టెంబరు 5న ఫలితం ప్రకటించినప్పటి నుంచి, మర్నాడు స్కాట్లాండ్‌లోని బాల్మోరల్ కోటలో ఎలిజబెత్ రాణిని కలిసేదాకా లిజ్ ట్రస్ కాబోయే ప్రధాని. అంతకుముందు వారాల తరబడి పార్టీ సభ్యుల సర్వేలు ఆమె వైపే మొగ్గు చూపినా, ఆ మాట ఆమెకు చెల్లింది ఆ ఒక్క రోజే.