ఒడిశాలోని రాయగడలో ఉండి లింక్డిన్ (ఉద్యోగ పరిచయాల సైట్) ప్రొఫైల్ పెడితే ఉద్యోగానికి నిజంగా పనికొస్తుందా?

తప్పకుండా పనికొస్తుంది, కానీ ఖాతా తెరిచి వదిలేస్తే కాదు. రిక్రూటర్లు, అంటే కంపెనీల కోసం మనుషుల్ని వెతికేవాళ్లు, సెర్చ్‌లో పదాలు కొట్టి వెతుకుతారు, అందుకే పేరు కింద వచ్చే హెడ్‌లైన్‌లో (220 అక్షరాల దాకా పడతాయి) "ఉద్యోగం కోసం చూస్తున్నాను" అని కాకుండా మీ పని పేరు, వాడే సాఫ్ట్‌వేర్ లేదా యంత్రం పేరు రాయండి.

మనవాళ్లు వదిలేసేది భాషల విభాగం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, బజార్లో హిందీ, ఇవన్నీ మనకి మామూలే గానీ విశాఖలోనూ భువనేశ్వర్‌లోనూ పనున్న కంపెనీకి అలాంటి మనిషి దొరకడం అంత సులువు కాదండీ, కాబట్టి ప్రతి భాషా విడివిడిగా చేర్చండి.

పేరు సంగతి కూడా చూసుకోండి. ఇంటిపేరు ఒకచోట ముందు, ఒకచోట వెనక ఉంటే తర్వాత సర్టిఫికెట్లు చూసేటప్పుడు టెన్షన్.

పోస్టులు రోజూ అక్కర్లేదు. గుణుపూర్‌లో మా తమ్ముడు ఎలక్ట్రికల్ డిప్లొమా చేశాడు, కాలిపోయిన కాంటాక్టర్ (మోటార్లకి కరెంటు ఇచ్చి ఆపే స్విచ్) కాయిల్ ఫొటో పెట్టి, వోల్టేజ్ పడిపోవడం వల్ల ఎలా కాలిందో, తను ఏం మార్చాడో నాలుగు లైన్లు రాస్తే, దాని కింద ఒక సీనియర్ ఇంజనీర్ ప్రశ్న అడిగారు, అలా మొదలైన మాటలే ఇంటర్వ్యూ దాకా వెళ్లాయి. ఫ్యాక్టరీ లోపలి ఫొటోలు మాత్రం అనుమతి లేకుండా పెట్టకండి.

ఉద్యోగం ఇస్తామని ముందే డబ్బడిగితే ఎవరైనా సరే, అక్కడితో ఆపేయండి.