ఆరేడేళ్ల పిల్లలకు ఇంట్లోనే చిన్న కథలు రాయడం ఎలా నేర్పాలి?

మొదట పెన్సిల్ పక్కన పెట్టించండి. నోటితో గడగడా కథ చెప్పే పిల్లలు కూడా రాయమనగానే ఒత్తులు, దీర్ఘాల దగ్గర ఆగిపోతారు. ఈలోపు ఆలోచన తెగిపోతుంది. అందుకే వాళ్లు చెప్తుంటే మీరు రాయండి, వాళ్ల మాటల్లోనే. "కుక్క అలిగి మంచం కిందకి పోయింది" అంటే అలాగే రాసి, చదివి వినిపించండి. తన మాట కాగితం మీద చూసుకున్న పిల్లల ముఖం చూడాల్సిందే.

కథ నడపడం నేర్పడానికి రాజుగారి కొడుకుల ఏడు చేపల కథను మించింది లేదని నా నమ్మకం. చేప ఎందుకు ఎండలేదు? గడ్డిమోపు అడ్డమొచ్చింది. మోపు ఎందుకు అడ్డమొచ్చింది? ఆవు మేయలేదు. అలా చీమ దాకా ప్రతి జవాబూ ఇంకో ప్రశ్నను లాక్కొస్తుంది.

ఇదే పద్ధతి ఇంట్లో వస్తువులతో ఆడండి. ఓసారి మా అమ్మాయిని "నీ చెప్పు ఒకటే ఉందేంటి?" అని అడిగాను. రెండోది వాననీళ్లలో పడవై వెళ్లిందట. ఎందుకు? ఈత మర్చిపోయిన కప్పని వాళ్లమ్మ దగ్గర దింపడానికట! ఐదు వాక్యాల్లో కథ తయారైంది.

రాసే దశకి వచ్చాక కాగితాన్ని రెండుసార్లు మడిస్తే నాలుగు గళ్లు వస్తాయి. గడికో బొమ్మ, కింద ఒక్క వాక్యం. ఇది మాత్రం వాళ్లే రాయాలి. తప్పులు అప్పుడే దిద్దకండి, డిక్టేషన్ రోజు చూసుకోవచ్చు. కథలో నీతి ఏంటని కూడా అడగొద్దు. "తర్వాత ఏమైంది?" అని అడిగితే చాలు.