భోజనం తర్వాత వచ్చే నొప్పిని మాత్రతో అణచకండి

ప్రశ్న: నాకు 52 ఏళ్లు. బీపీ ఉంది, సిగరెట్ అలవాటు ఉంది. రెండు నెలల కిందట ఉన్నట్టుండి బొడ్డుకు పైన విపరీతమైన నొప్పి వచ్చింది. గ్యాస్ అనుకుని రెండు రోజులు మాత్రలు వేసుకున్నాను. తగ్గకపోయేసరికి ఆసుపత్రికి వెళ్తే సీటీ స్కాన్ తీసి, పేగులకు రక్తం తీసుకెళ్లే సుపీరియర్ మెసెంట్రిక్ ధమనిలో చీలిక వచ్చిందన్నారు. ఐదు రోజులు ఉంచుకుని ఆస్పిరిన్, బీపీ మాత్రలు రాసి పంపారు. ఇప్పుడు బాగానే ఉన్నాను. భోజనం చేశాక కాసేపు నొప్పి వస్తే పెయిన్ కిల్లర్ వేసుకుంటున్నాను, సర్దుకుంటోంది. 4 కిలోల బరువు కూడా తగ్గాను. బీపీ నార్మల్‌కు రావడంతో ఆ మాత్ర ఆపేశాను. స్టెంట్ వేయించుకుంటే ఈ చీలిక పూర్తిగా పోతుందా? జిమ్‌కు ఎప్పటి నుంచి వెళ్లొచ్చు?
- ఒక పాఠకుడు

డాక్టర్ సలహా: జిమ్ సంగతి తర్వాత చూద్దాం. 'బాగానే ఉన్నాను' అని రాశారు. తిన్న తర్వాత నొప్పి, దానికి తోడు రెండు నెలల్లో 4 కిలోలు తగ్గడం... ఈ రెండూ కలిసి కనిపిస్తే మేం బాగున్నట్టు లెక్కవేయం.

ధమని గోడలో లోపలి పొర చిరిగి, రక్తం పొరల మధ్యకు చొరబడితే అక్కడ ఇంకో దారి ఏర్పడుతుంది. అది ఉబ్బేకొద్దీ అసలు దారి ఇరుకవుతుంది. ఖాళీ కడుపుతో ఉన్నప్పుడు ఆ కొద్దిపాటి రక్తం పేగుకు సరిపోవచ్చు. భోజనం చేశాక అరిగించడానికి ఎక్కువ రక్తం కావాలి, అది అందకపోతే పేగు నొప్పి పెడుతుంది. మెట్లెక్కితే గుండె నొప్పి వచ్చే మనిషి పరిస్థితి లాంటిదే ఇది. నొప్పికి భయపడి, తెలియకుండానే తిండి తగ్గించేస్తారు, బరువు పడిపోతుంది. మీ నొప్పికి కారణం ఇదేనని మిమ్మల్ని పరీక్షించకుండా, స్కాన్ చూడకుండా నేను చెప్పలేను. అల్సర్ కూడా కావచ్చు. కానీ చీలిక వల్ల కాదని తేల్చుకోవలసిన బాధ్యత మాత్రం ఉంది. ఈ వారంలోనే మీకు వైద్యం చేసిన డాక్టర్‌ను కలవండి, పాత స్కాన్ తీసుకెళ్లండి. మళ్లీ సీటీ యాంజియోగ్రామ్ (రక్తనాళాలను చూపించే సీటీ స్కాన్) అవసరమనే అంటారని నా అంచనా. మామూలు అల్ట్రాసౌండ్‌లో పేగుల్లోని గాలి అడ్డొచ్చి ఈ ధమని సరిగా కనిపించకపోవచ్చు.

ఇక ఆ పెయిన్ కిల్లర్. మొదటిసారి రెండు రోజులు మాత్రలతో నెట్టుకొచ్చారు, ఇప్పుడూ అదే చేస్తున్నారు. కోప్పడుతున్నానని అనుకోకండి, కానీ ఈ ఒక్క అలవాటు వల్ల ఆలస్యంగా వచ్చి పేగు పోగొట్టుకున్న వాళ్లను చూశాను. రక్తం అందని పేగుకు చెప్పుకోవడానికి ఉన్న నోరు నొప్పి ఒక్కటే. దాన్ని మీరు మూసేస్తున్నారు. పైగా డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్ లాంటివి బీపీ పెంచుతాయి, కిడ్నీలను దెబ్బతీస్తాయి, ఆస్పిరిన్‌తో కలిస్తే కడుపులో రక్తస్రావం కావచ్చు. ఐబుప్రొఫెన్ అయితే ఆస్పిరిన్ పనిచేయకుండా అడ్డుపడగలదు కూడా. మీరు వాడుతున్నది ఏ మాత్రో రాయలేదు. ఏదైనా సరే, ఆపి, ఆ స్ట్రిప్ డాక్టర్‌కు చూపించండి. ఆస్పిరిన్ మాత్రం మీ అంతట మీరు మానొద్దు.

బీపీ నార్మల్‌గా ఉన్నది మాత్ర వేసుకున్నందుకేనండీ! చిరిగిన గోడ మీద ఒత్తిడి తగ్గించడమే ఈ వైద్యంలో సగం. ఈ రోజే ఫోన్ చేసి, ఏ మోతాదుతో మళ్లీ మొదలుపెట్టాలో అడగండి. సిగరెట్ విషయంలో బేరాలు లేవు, మానేయాలి.

స్టెంట్ గురించి అడిగారు కాబట్టి: పేగు దెబ్బతినకుండా, ధమని పగలకుండా ఉన్నవాళ్లలో ఎక్కువమందికి పేగుకు విశ్రాంతి (కొద్ది రోజులు నోటితో తిండి ఆపడం), డాక్టర్ కనిపెట్టి ఉండగా నొప్పికి మందు, బీపీ అదుపుతోనే కుదుటపడుతుంది. నెలలు గడిచేకొద్దీ పొరల మధ్య ఏర్పడిన ఆ దొంగదారి తనంతట తానే మూసుకుపోవడం తరచూ చూస్తాం. ఆస్పిరిన్ లాంటివి సరిపోతాయా, రక్తం గడ్డకట్టకుండా చేసే ఇంకా బలమైన మందులు కావాలా అన్నదానిపై నిపుణుల్లోనే ఏకాభిప్రాయం లేదు. నొప్పి వదలకపోయినా, దారి బాగా ఇరుకైనా, గోడ బుడగలా ఉబ్బుతున్నా స్టెంట్ ఆలోచిస్తాం. మీ నొప్పి చీలిక వల్లేనని తేలితే మీకూ అవసరం పడొచ్చు. అయితే స్టెంట్ పడితే ఇక పని అయిపోయినట్టు కాదు. అందులో గడ్డ కట్టవచ్చు, మళ్లీ ఇరుకు కావచ్చు, పేగుకు వెళ్లే చిన్న కొమ్మలు దాని వెనక మూసుకుపోవచ్చు. పొట్ట తెరిచే ఆపరేషన్ పేగు కుళ్లుతున్నప్పుడో, ధమని పగిలినప్పుడో.

నొప్పి ఒక్కసారిగా పెరిగినా, తగ్గకుండా ఉన్నా, వాంతులు, నల్లటి లేదా రక్తంతో విరేచనాలు, కళ్లు తిరిగి పడిపోవడం ఉన్నా అపాయింట్‌మెంట్ కోసం చూడకండి. నేరుగా ఎమర్జెన్సీకి వెళ్లి, 'నాకు మెసెంట్రిక్ ధమనిలో డిసెక్షన్ (చీలిక) ఉంది' అని ముందే చెప్పండి. పొట్ట నొక్కి చూస్తే మెత్తగానే ఉండి, నొప్పి మాత్రం భరించలేనంత ఉండటం ఈ జబ్బు తీరు. ఆ మాట చెప్పకపోతే అక్కడ కూడా గ్యాస్ అనుకునే ప్రమాదం ఉంది.

స్కాన్ అయ్యేవరకు మెల్లగా నడవండి, అదీ నొప్పి రాకపోతేనే. ఊపిరి బిగబట్టి బరువులెత్తడం వద్దు.