తుక్కు కాటా దగ్గర మొదలుపెట్టండి

ప్రశ్న: మాది విజయవాడ. మెకానికల్ ఇంజనీరింగ్ మూడో సంవత్సరం చదువుతున్నాను, క్యాడ్ (కంప్యూటర్‌లో డిజైన్ గీయడం) వచ్చు. నాన్నగారికి ఆటోనగర్‌లో లారీ బాడీలు కట్టే షెడ్డు ఉంది. పర్యావరణానికి హాని తగ్గించే డిజైన్ల వైపు వెళ్లాలని ఉంది. అందుకు వేరే కోర్సులో చేరాలా?

జవాబు: ఇప్పుడే వద్దు. పాత కోర్సుకే 'గ్రీన్' అని పేరు తగిలించి ఫీజు పెంచేవాళ్లు ఉన్నారు. మీకు కావలసిన ప్రయోగశాల షెడ్డులోనే ఉంది.

ఎనిమిదడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, 2 మి.మీ. మందం ఉన్న ఉక్కు రేకు దాదాపు 47 కిలోలు తూగుతుంది. సుద్దముక్కతో గీసి కోశాక మిగిలిన ముక్కలు ఎక్కడికి పోతాయో మీకు తెలుసు: మూలన కుప్పలోకి, అక్కడి నుంచి తుక్కు వ్యాపారి కాటా మీదికి. అవే భాగాలను క్యాడ్‌లో గీసి, రేకు మీద సందు లేకుండా సర్ది చూడండి. దీన్నే నెస్టింగ్ అంటారు.

తర్వాత బాడీ బరువు. లారీ తిరిగినన్నాళ్లూ దాన్ని మోసేది డీజిలే. అలాగని వెంటనే అల్యూమినియం అనకండి. అది ఉక్కు బరువులో మూడో వంతే కానీ, వంగకుండా నిలిచే గుణమూ మూడో వంతే. పైగా ఖనిజం నుంచి తీయడానికి బోలెడు కరెంటు కావాలి. పాతది కరిగించి వాడితే అందులో సుమారు 5 శాతం శక్తి చాలు. పర్యావరణానికి ఎంత హాని అనే ఇలాంటి లెక్కలకు డబ్బు పెట్టి కొనే సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి. డబ్బు పెట్టలేకపోతే గీయడానికి ఫ్రీక్యాడ్, లెక్కకు ఓపెన్ఎల్‌సీఏ ఉచితం. అయితే ఏ పలక ముందు తుప్పు పడుతుందో, వెల్డింగ్ బదులు బోల్టు వేస్తే ఆ ఒక్కటీ మార్చవచ్చో లేదో ఏ సాఫ్ట్‌వేరూ చెప్పదు. మీ మేస్త్రీ గారు చెబుతారు.

ఈ పనికి ఉద్యోగ ప్రకటనల్లో చాలాసార్లు 'డిజైన్ ఇంజనీర్' అనే పేరే ఉంటుంది. పైచదువుకు ప్రవేశ పరీక్షలు రెండు: సీడ్ రాస్తే ఎం.డెస్. (డిజైన్‌లో పీజీ), గేట్ రాస్తే ఎం.టెక్.

ముందు నాన్నగారిని అడిగి ఒక నెల తుక్కు తూయించి రాసిపెట్టండి. మరుసటి నెల మీ డ్రాయింగు ప్రకారం కోయించి, మళ్లీ తూయించండి. ఇంటర్వ్యూకు ఆ రెండు కాటా చీటీలూ తీసుకెళ్లండి.