కుటుంబ ఎస్‌యూవీకి ఏ ట్రైలర్ హిచ్ మంచిది?

అమెరికాలో టయోటా హైలాండర్ హైబ్రిడ్‌తో చిన్న క్యాంపింగ్ ట్రైలర్ లాగడానికి ఏ హిచ్ (కారు వెనక ట్రైలర్‌ను తగిలించే అమరిక) కొనాలని అడిగారు. హిచ్ సంగతి తర్వాత, ముందు కారు మాన్యువల్ తెరవండి. 2020 తర్వాతి హైబ్రిడ్ లాగగలిగేది 3,500 పౌండ్లే. లాగగల బరువును బట్టి హిచ్‌లకు క్లాసులుంటాయి; క్లాస్ 3 హిచ్ 8,000 పౌండ్ల దాకా తట్టుకోవచ్చు గాని, అది తగిలించినంత మాత్రాన కారు బలం పెరగదు. హిచ్, బాల్ (ట్రైలర్ ముందు కొన కూర్చునే ఇనుప గుండు), కారు, వీటిలో దేని పరిమితి తక్కువో అదే మీ హద్దు. అయినా నేను క్లాస్ 3నే తీసుకోమంటాను: దాని 2 అంగుళాల రిసీవర్‌కు, అంటే సామగ్రిని దూర్చే చదరపు గొట్టానికి, సైకిల్ ర్యాకులు సులువుగా దొరుకుతాయి. ట్రైలర్ బరువులో 10 నుంచి 15 శాతం హిచ్ మీద పడేలా సామాను సర్దండి; అంతకంటే తగ్గితే వేగంలో ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది, అది నిజంగా ప్రమాదం. వైరింగ్ అంటారా, లైట్లకు నాలుగు పిన్నులది చాలు, ఎలక్ట్రిక్ బ్రేకులుంటే ఏడు పిన్నులది, కారులోంచి ట్రైలర్ బ్రేకులను నడిపే బ్రేక్ కంట్రోలర్ తప్పవు.