మోకాళ్ల నొప్పులతో మెసా వెర్డే చూడొచ్చా?
అమ్మగారు నిచ్చెనలెక్కలేరు, అమెరికా కొలరాడోలో కొండచరియల్లో కట్టిన పాతకాలం ఇళ్లున్న మెసా వెర్డే మానేయాలా అని అడిగారు కదండీ, అస్సలు మానకండి. ఆ ఇళ్లలో బాల్కనీ హౌస్ మాత్రం వద్దు, అక్కడ 32 అడుగుల నిచ్చెన ఎక్కాలి, పైగా ఇరుకు సొరంగంలో పాక్కుంటూ పోవాలి. అక్కడి ఇంకో ఇళ్ల సముదాయం క్లిఫ్ ప్యాలెస్‌ని సన్ టెంపుల్ దగ్గర కారాపి లోయ ఇవతల నుంచే చూడొచ్చు, బైనాక్యులర్స్ ఉంటే గుండ్రటి కివాలు (పూజలకి, సమావేశాలకి వాడిన గదులు), అక్కడి చదరపు టవర్ భలే కనిపిస్తాయి, ఎత్తు 7,000 అడుగుల పైనే కాబట్టి ఆయాసం వస్తుంది, మెల్లగా నడిపించండి. గోడలు దగ్గరగా చూడాలంటే న్యూ మెక్సికోలో ఇలాంటి పాత కట్టడాల శిథిలాలున్న అజ్టెక్ రూయిన్స్‌కి తీసుకెళ్లండి, గోడ మధ్యలో ఆకుపచ్చ రాళ్ల వరస చూపించండి, 1934లో తిరిగి కట్టిన గ్రేట్ కివా కూడా ఉంది. హోపీ, జూనీ అనే అక్కడి ఆదివాసీ తెగల వాళ్లకి ఇవి పూర్వీకుల ఇళ్లు, పిల్లల్ని గోడలెక్కనివ్వకండి ప్లీజ్.