కేసు సీల్ అయ్యాక ఇమిగ్రేషన్ వాళ్లకు కనిపిస్తుందా? టెక్సాస్‌లో నా అనుభవం

మీ తమ్ముడు టెక్సాస్‌లో ఎంఎస్ చదువుతూ షాప్‌లిఫ్టింగ్ కేసులో ఇరుక్కున్నాడని రాశారు. డిఫర్డ్ అడ్జుడికేషన్‌కు (జడ్జి తీర్పు ఆపి షరతులు పెట్టే పద్ధతి) ఒప్పుకుంటే కేసు డిస్మిస్ అవుతుందని, తర్వాత సీల్ చేయించుకుంటే ఎవరికీ కనిపించదని లాయర్ చెప్పారట. సంతకం పెట్టొచ్చా అని మీ ప్రశ్న. ఇమిగ్రేషన్ లాయర్‌కు ఆ ఒప్పందం కాగితం చూపించే వరకు పెట్టనివ్వకండి. ఒకప్పుడు నా ముందూ అదే కాగితం పెట్టారు, అందుకే ఇంత గట్టిగా చెబుతున్నాను.

2016 నవంబర్‌లో డాలస్ దగ్గర ఒక పెద్ద స్టోర్‌లో, సెల్ఫ్ చెకౌట్ దగ్గర కొన్ని వస్తువులు స్కాన్ చేయకుండా సంచిలో వేసుకున్నాను. తప్పు నాదే. వాటి ధర 100 డాలర్లు దాటింది. టెక్సాస్‌లో 100 డాలర్ల లోపు దొంగతనం క్లాస్ సి, అంటే జరిమానాతో పోయేది. 100 నుంచి 750 లోపైతే క్లాస్ బి, 180 రోజుల దాకా జైలు పడొచ్చు. (క్లాస్ సి అయినా ఫైన్ కట్టేసి వదిలించుకుందాం అనుకోకూడదు. ఫైన్ కడితే నేరం ఒప్పుకున్నట్టే లెక్క.) నన్ను కౌంటీ జైలుకు తీసుకెళ్లి వేలిముద్రలు తీసుకున్నారు. మర్నాడు రూమ్మేట్ బాండ్ కట్టి బయటికి తెచ్చాడు. ఆ వారమంతా అన్నం సహించలేదు, ఇంటికి ఫోన్ చేస్తే గొంతు పెగల్లేదు. మీ తమ్ముడూ ఇప్పుడు అలాగే ఉండి ఉంటాడు. ఎందుకు చేశావని తర్వాత అడగొచ్చు. ముందు కోర్టుకు ఎవరో ఒకరు తోడు వెళ్లేలా చూడండి.

అసలు చిక్కు ఇక్కడుంది. డిఫర్డ్ అడ్జుడికేషన్‌లో గిల్టీ (నేరం చేశాను) అనో, నో కాంటెస్ట్ (ఆరోపణను ఎదిరించను) అనో జడ్జి ముందు చెప్పాలి. జడ్జి తీర్పు ఆపి ప్రొబేషన్ లాంటి షరతులు పెడతారు. అవి సరిగ్గా పూర్తి చేస్తే టెక్సాస్ చట్టం దాన్ని కన్విక్షన్ (నేరం రుజువైనట్టు) అనదు. ఫెడరల్ ఇమిగ్రేషన్ చట్టం మాత్రం అంటుంది. నేరం ఒప్పుకుని, జడ్జి ఏదో ఒక షరతు విధిస్తే చాలు, అది కన్విక్షనే. ఆ తర్వాత డిస్మిస్ అయినా, సీల్ అయినా మారదు. పైగా దొంగతనాన్ని మోరల్ టర్పిట్యూడ్ నేరంగా, అంటే నీతికి విరుద్ధమైన నేరంగా చూస్తారు కాబట్టి వీసాకూ గ్రీన్‌కార్డ్‌కూ అడ్డుపడగలదు. దేశం నుంచి పంపించేసే ముప్పు ఉంటే క్లయింట్‌కు ముందే చెప్పాల్సిన బాధ్యత క్రిమినల్ లాయర్‌దేనని అమెరికా సుప్రీంకోర్టు 2010లో పడిల్లా కేసులో చెప్పింది. కాబట్టి ఇమిగ్రేషన్ సంగతి అడగడానికి మొహమాటపడొద్దు.

నా లాయర్ డిఫర్డ్ వద్దని, ప్రీట్రయల్ డైవర్షన్ కోసం ప్రాసిక్యూటర్‌ను అడిగారు. అది ప్రాసిక్యూటర్ ఆఫీసుతో చేసుకునే ఒప్పందం. నేను జడ్జి ముందు నేరం ఒప్పుకోలేదు. ఒక క్లాసు, కొన్ని గంటల కమ్యూనిటీ సర్వీసు, ఏడాది పాటు ఏ గొడవలో లేకుండా ఉండటం. 2018 మొదట్లో కేసు కొట్టేశారు. అన్ని కౌంటీలూ ఒకేలా ఉండవు. కొన్నిచోట్ల ఒప్పందంలోనే నేరాంగీకారం రాయించుకుంటారు. అందుకే నా కాగితంలో ప్రతి లైనూ ఇమిగ్రేషన్ లాయర్ చదివాకే సంతకం పెట్టాను.

ఇక సీల్ గురించి. టెక్సాస్‌లో రెండున్నాయి, అందరూ కలిపేసి మాట్లాడతారు. నాన్‌డిస్‌క్లోజర్ ఆర్డర్ వస్తే రికార్డు జనానికి కనిపించదు కానీ పోలీసులకు, కొన్ని లైసెన్సింగ్ బోర్డులకు కనిపిస్తూనే ఉంటుంది. క్లాస్ బి డిఫర్డ్ పూర్తి చేసినవాళ్లకు దొరికేది ఇదే. ఎక్స్‌పంక్షన్ అంటే రికార్డునే తీసేయడం. డైవర్షన్ పూర్తి చేసిన నాకు దానికి అర్హత వచ్చింది. డిస్ట్రిక్ట్ కోర్టులో పిటిషన్ వేశాం. పోలీసు శాఖ, షెరీఫ్, ప్రాసిక్యూటర్, క్లర్క్, రాష్ట్ర డీపీఎస్ (ప్రజా భద్రతా శాఖ), ఇలా రికార్డు ఉండే చోట్లన్నీ పిటిషన్‌లో రాయాలి. ఒకటి మర్చిపోతే అక్కడ మిగిలిపోతుంది.

పిటిషన్ వేయకముందే చేయాల్సిన పని ఒకటుంది. అరెస్ట్ రిపోర్టు, చార్జి కాగితం, డిస్మిస్ ఆర్డర్, డైవర్షన్ ఒప్పందం, అన్నిటికీ సర్టిఫైడ్ కాపీలు తీసుకోవాలి. ఒక్కొక్కటి రెండు మూడు తీసుకున్నా ఎక్కువ కాదు. ఎక్స్‌పంక్షన్ అయిపోయాక క్లర్క్ దగ్గరికెళ్తే ఆ కేసే లేదంటారు, ఇమిగ్రేషన్ వాళ్లు మాత్రం కాగితాలు అడుగుతూనే ఉంటారు. ఉద్యోగం దరఖాస్తులో అరెస్ట్ కాలేదని చెప్పే హక్కు ఎక్స్‌పంక్షన్ ఇస్తుంది. డీఎస్-160లో (వీసా దరఖాస్తు), ఐ-485లో (గ్రీన్‌కార్డ్ దరఖాస్తు) ఆ మాట చెల్లదు. అక్కడ అరెస్ట్ అయ్యాననే రాయాలి. దాచినట్టు తేలితే అసలు కేసు కంటే ఆ అబద్ధమే పెద్ద నేరమై కూర్చుంటుంది.

2019 డిసెంబర్‌లో హెచ్1బి స్టాంపింగ్‌కు హైదరాబాద్ వెళ్లాను. అప్పట్లో కాన్సులేట్ బేగంపేటలో ఉండేది. ఎక్స్‌పంక్షన్ ఆర్డర్ వచ్చి ఏడాది దాటినా, ఆఫీసర్ అడిగిన మొదటి ప్రశ్న ఆ అరెస్ట్ గురించే. ఫైల్ ఇచ్చాను. 221(జి) స్లిప్పు, అంటే వీసా ఇంకా పరిశీలనలో ఉందనే కాగితం, చేతిలో పెట్టారు. మూడు వారాలు నిద్రలేదు, చివరికి పాస్‌పోర్ట్ స్టాంపుతో వచ్చింది. ఆ కాపీలు లేకపోతే ఏమయ్యేదో ఊహించుకోవడానికి కూడా భయమేస్తుంది.

ప్రైవేటు బ్యాక్‌గ్రౌండ్ చెక్ కంపెనీలు పాత డేటా కొని దాచుకుంటాయి. ఆర్డర్ వచ్చాక కూడా ఒక అపార్ట్‌మెంట్ వాళ్లు నా దరఖాస్తు తిరస్కరించారు. ఆ రిపోర్టు ఇచ్చిన కంపెనీకి ఆర్డర్ కాపీ జతచేసి సర్టిఫైడ్ మెయిల్‌లో డిస్ప్యూట్ పంపాను. ఫెడరల్ చట్టం ప్రకారం సాధారణంగా 30 రోజుల్లో విచారించాలి. తీసేశారు.

ఒక్కటి మాత్రం నా కాలానికీ ఇప్పటికీ మారింది. 2025 ఏప్రిల్‌లో వేలమంది విదేశీ విద్యార్థుల సెవిస్ రికార్డులు (వాళ్ల విద్యార్థి హోదాను చూపే ప్రభుత్వ రికార్డులు) రద్దు చేశారు. వాళ్లలో కేసు కొట్టేసినవాళ్లూ ఉన్నారు. కోర్టుల్లో దావాలు పడ్డాక ఆ నెలాఖరులో వాటిని పునరుద్ధరించారు. అందుకే మీ తమ్ముడు ఇప్పుడు ఇండియాకు టికెట్ బుక్ చేసుకోకుండా ఆపండి, యూనివర్సిటీ మెయిల్ రోజూ చూసుకోమనండి.

శుక్రవారం కోర్టు డేట్ అని రాశారు. వాయిదా అడగొచ్చు, అక్కడ దాన్ని రీసెట్ అంటారు. మొదటిసారి అడిగితే మామూలుగా ఇస్తారు. క్రిమినల్ లాయర్‌కు ఈరోజే ఫోన్ చేసి రీసెట్ తీసుకోమనండి. ఆ వ్యవధిలో ఇమిగ్రేషన్ లాయర్‌తో మాట్లాడి, ఆయన అభిప్రాయం రాతపూర్వకంగా తీసుకుని ఇద్దరు లాయర్లనూ ఒకే ఈమెయిల్‌లో కలపండి.